ఖాసిం రజ్వీ వెంట జనం ఎందుకు నడిచారు?

సెప్టెంబర్ 17 దగ్గర పడిందంటే చాలు, ఆ రోజును ఏ పేరుతో పిలవాలన్న గొడవ మళ్లీ మొదలవుతుంది. విమోచనం అంటారు కొందరు, విలీనం అంటారు కొందరు, పాతబస్తీలో పెద్దవాళ్లు మాత్రం ఇప్పటికీ పోలీస్ యాక్షన్ అనే అంటారు. ఆ గొడవలో ఒక మనిషి పేరు తప్పకుండా వస్తుంది. సయ్యద్ ఖాసిం రజ్వీ. ఆయన ఏం చేశాడన్నది అందరూ చెబుతారు. ఆయన వెంట లక్షకు పైగా జనం ఎందుకు నడిచారన్నది మాత్రం ఎవరూ పెద్దగా అడగరు. అసలు అడగాల్సింది అదే. ఎందుకంటే ఒక్క మనిషి నోరు ఎంత పెద్దదైనా, వినేవాళ్లు లేకపోతే దాని వల్ల ఏమీ కాదు.

లాతూర్ వకీలు

రజ్వీ 1902లో పుట్టాడు. అలీగఢ్‌లో లా చదివాడు. నిజాం రాజ్యంలోని ఉస్మానాబాద్ జిల్లా లాతూర్‌లో వకాలత్ చేసేవాడు. అది మరాఠ్వాడాలో పెద్ద వ్యాపార కేంద్రం. కచ్ఛీ ముస్లిం వ్యాపారులు బాగా స్థిరపడిన ఊరు. రజ్వీ అక్కడ నవాబూ కాదు, జాగీర్దారూ కాదు. రాజ్యంలో వందలాదిగా ఉన్న జిల్లా వకీళ్లలో ఒకడు, అంతే.

ఆయనను రాజకీయాల్లోకి లాగింది మజ్లిస్-ఎ-ఇత్తెహాదుల్ ముస్లిమీన్. 1927లో పుట్టిన ఈ సంస్థకు 1938లో బహాదుర్ యార్ జంగ్ అధ్యక్షుడయ్యాక రూపమే మారిపోయింది. ఆయన తఖ్రీర్ ఉందంటే రాత్రి ఎంత పొద్దుపోయినా జనం కదిలేవాళ్లు కాదు. నిజాం ఇచ్చిన బిరుదును, జాగీరును కూడా వదులుకున్న మనిషి కాబట్టి ఆయన మాటకు విలువ ఉండేది. దక్కన్‌లో ప్రతి ముసల్మానూ పాలకుడేనన్న అనల్ మాలిక్ సిద్ధాంతం ఆయన కాలంలోనే జనంలోకి వెళ్లింది. నిజాం కూర్చున్న తఖ్తు కేవలం ఒక వంశానిది కాదు, రాజ్యంలో ఉన్న ముసల్మాన్లందరి అధికారానికి గుర్తు అన్నది దాని సారం.

ఈ మాట ఎంత దూరం వెళ్లిందో అర్థం కావాలంటే అప్పటి లెక్క చూడాలి. రాజ్యం జనాభా 1941 లెక్కల ప్రకారం కోటీ అరవై లక్షల పైచిలుకు. అందులో ముస్లింలు దాదాపు 12–13 శాతం. సర్కారీ కొలువుల్లో మాత్రం ఎక్కువ భాగం వాళ్లవే. కానీ ఆ కొలువులు ఉన్నవాళ్లు కొందరే. మిగతావాళ్లు టాంగా తోలేవాళ్లు, నేతపని చేసేవాళ్లు, దేవిడీల్లో నౌకర్లు, చిన్న కానిస్టేబుళ్లు, కూలీలు. పొద్దంతా ఎవరో ఒకరి దగ్గర చేతులు కట్టుకొని నిలబడే మనిషికి, నువ్వు కూడా రాజువే అని సాయంత్రం జల్సాలో చెబితే ఎట్లా ఉంటుంది? జేబులో పైసా పెరగదు. అయినా ఇంటికి వెళ్లేటప్పుడు నడక మారుతుంది. రజ్వీకి దొరికిన జనం ఇట్లా తయారై ఉన్న జనం.

బహాదుర్ యార్ జంగ్ పిలుపు మీద రజ్వీ తన ఆస్తిని మజ్లిస్‌కు రాసిచ్చాడని చెబుతారు. అందుకే అభిమానులు ఆయనను సిద్దీఖ్-ఎ-దక్కన్ అని పిలుచుకునేవారు. ఈ విషయం చిన్నది కాదు. ఇల్లూ వాకిలీ ఇచ్చేసిన మనిషి తమను మోసం చేస్తాడని జనం అనుకోరు. నిజాయితీ వేరు, తెలివైన దారి చూపడం వేరు అన్న తేడా అక్కడే చెరిగిపోతుంది.

ఖాళీ అయిన కుర్చీ

1944 జూన్ 25న బహాదుర్ యార్ జంగ్ హఠాత్తుగా చనిపోయారు. నలభై ఏళ్లు కూడా నిండలేదు. తర్వాత మజ్లిస్‌లో మితంగా ఆలోచించే నాయకులు కొంతకాలం ఉన్నారు. రాజీ మాట్లాడదాం, రాజ్యాంగ సంస్కరణల్లో మన వాటా చూసుకుందాం అన్నది వాళ్ల దారి. కానీ అది ఓపిక అడిగే దారి. 1946 నాటికి జనానికి ఓపిక తగ్గిపోయింది. బ్రిటిష్ వాళ్లు వెళ్లిపోతున్నారు. రాజ్యం భవిష్యత్తు ఏమిటో ఎవరికీ తెలియదు. తెలంగాణ పల్లెల్లో కమ్యూనిస్టుల నాయకత్వంలో రైతులు సాయుధంగా తిరగబడ్డారు. స్టేట్ కాంగ్రెస్ బాధ్యతాయుత ప్రభుత్వం అడుగుతోంది. ఆ ఏడాది చివరికి మజ్లిస్ పగ్గాలు రజ్వీ చేతికి వచ్చాయి.

1947లో దేశ విభజన జరిగింది. పంజాబ్ వార్తలు పేపర్లలో వస్తుంటే, బేరార్, సెంట్రల్ ప్రావిన్సెస్ లాంటి చోట్ల నుంచి భయపడి వచ్చిన ముస్లిం కుటుంబాలు హైదరాబాద్‌లో దిగాయి. వాళ్లు మూటలతో పాటు కథలు కూడా తెచ్చారు. రేపు మన గతి కూడా ఇంతేనా అన్న ప్రశ్న ప్రతి మొహల్లాలో ఉంది. ఆ ప్రశ్నకు మితవాదుల దగ్గర ఉన్న జవాబు పొడుగ్గా, షరతులతో ఉండేది. రజ్వీ దగ్గర ఉన్న జవాబు ఒక్క ముక్కలో ఉండేది. భయపడకండి, భయపెట్టండి. ఆయన ఈ మాటలే అన్నాడని కాదు, ఆయన రాజకీయం మొత్తం పిండితే వచ్చేది ఇది.

రజాకార్ అంటే స్వచ్ఛంద సేవకుడు. ఆ దళం రజ్వీ కంటే ముందే ఉంది. దాన్ని ప్రైవేటు సైన్యంగా మార్చింది ఆయన. యూనిఫాం, కవాతు, జెండా, నినాదం అన్నీ ఉన్నాయి. తుపాకులు దొరికినవాళ్లకు తుపాకులు, దొరకనివాళ్లకు కత్తులు, బల్లేలు. చేరేటప్పుడు ఒక ప్రమాణం చేయాలి. అందులో నాయకుడి కోసం, మజ్లిస్ కోసం ప్రాణమిస్తానన్న మాట ముందు వచ్చేది. దక్కన్‌లో ముస్లిం అధికారాన్ని చివరిదాకా నిలబెడతానన్నది ఆ తర్వాత. అల్లా పేరు మీద చేసిన ప్రమాణంలో ఒక మనిషికి అట్లా ముందు వరుసలో చోటు ఇవ్వడం గురించి, అప్పటి జోరులో ఆగి ఆలోచించినవాళ్లు తక్కువ.

ఆ ఒక్క రాత్రి

రజ్వీ బలం ఎంతో రాజ్యమంతా చూసింది 1947 అక్టోబర్ 27 తెల్లవారుజామున. భారత్‌తో యథాతథ ఒప్పందం మాట్లాడడానికి ప్రధాని ఛతారీ నవాబు, సర్ వాల్టర్ మాంక్టన్, సర్ సుల్తాన్ అహ్మద్ ఢిల్లీ బయల్దేరాలి. ఒప్పందానికి నిజాం కూడా ఒప్పుకున్నాడు. ఆ రాత్రి వాళ్ల ఇళ్ల చుట్టూ వేలమంది గుమిగూడారు. ఎవరినీ కదలనివ్వలేదు. ప్రయాణం ఆగిపోయింది. ఆ బృందం రాజీనామా చేసింది. కొన్నాళ్లకు ఛతారీ నవాబు పదవి వదిలి వెళ్లిపోయారు, మీర్ లాయఖ్ అలీ ప్రధాని అయ్యారు. తమాషా ఏమిటంటే కొత్త బృందం నవంబర్ 29న సంతకం పెట్టిన ఒప్పందం పాతదానికి పెద్ద తేడా లేనిదే. మరి అంత హంగామా దేనికి? ఎవరి మాట చెల్లుతుందో చూపించడానికి. రజ్వీ చూపించాడు.

ఆ రాత్రి తర్వాత జనం లెక్క మారింది. ప్రధానిని గుమ్మం దాటనివ్వకుండా ఆపగలిగిన మనిషి మనల్ని కాపాడలేడా అనుకున్నారు. దౌర్జన్యం వాళ్లకు దౌర్జన్యంలా కనబడలేదు, సామర్థ్యంలా కనబడింది. కానీ ఆ రాత్రి చుట్టుముట్టింది శత్రువుల ఇళ్లను కాదు. సొంత ప్రభుత్వంలో, సొంత రాజ్యం కోసం మాట్లాడుతున్నవాళ్ల ఇళ్లను. బెదిరింపు మొదట పడింది ఇంట్లోవాళ్ల మీదే.

పెద్దలు ఎందుకు ఊరుకున్నారు? ఒక్కొక్కరికి ఒక్కో లెక్క ఉంది. ఢిల్లీతో బేరానికి ఇట్లాంటి గొంతు పనికొస్తుందని దర్బారులో కొందరు అనుకున్నారు. సంఘాలను అణచడానికి పల్లెల్లో దేశ్‌ముఖులు రజాకార్లను పిలిపించుకున్నారు. ఆ దేశ్‌ముఖుల్లో చాలామంది హిందువులే, విసునూరు రామచంద్రారెడ్డి లాంటివాళ్లు. పై కులాల కాంగ్రెస్ మీద నమ్మకం లేక, దళిత నాయకుల్లో బి.ఎస్. వెంకట్రావు, బి. శ్యామ్‌సుందర్ లాంటివారు మజ్లిస్ వైపు మొగ్గారు. ఆయనను వాడుకుంటున్నామనుకున్నవాళ్లు చాలామంది. చివరికి ఎవరు ఎవరిని వాడుకున్నారన్నది వేరే విషయం.

మాటలు పెరిగాయి, దారులు మూసుకుపోయాయి

1948లో రజ్వీ తఖ్రీర్లు మరింత పదునెక్కాయి. ఎర్రకోట మీద ఆసఫ్ జాహీ జెండా ఎగరేస్తామని, బంగాళాఖాతం అలలు నిజాం పాదాలు కడుగుతాయని ఆయన అన్నట్టు వచ్చిన వార్తలు దేశమంతా తిరిగాయి. అట్లా అనలేదని ఆ తర్వాత ఖండనలు వచ్చాయి. కానీ ఆ వార్తలు అప్పటికే చేయాల్సిన పని చేసేశాయి. హైదరాబాద్‌లో వింటున్న కుర్రాళ్లకు అది ధైర్యం. సరిహద్దు అవతల వింటున్నవాళ్లకు అది దండయాత్రకు కారణం. ఒకే మాట ఇక్కడ చప్పట్లు తెచ్చింది, అక్కడ సైన్యాన్ని దగ్గరకు తెచ్చింది.

నిజంగా ఉన్న బలం ఎంత? హైదరాబాద్‌కు యుద్ధ విమానాలు లేవు, ఓడరేవు లేదు. నాలుగు వైపులా భారత భూభాగమే. భారత్ విధించిన దిగ్బంధంతో మందులకూ, పెట్రోలుకూ కటకట. సిడ్నీ కాటన్ విమానాల్లో కరాచీ నుంచి దొంగచాటుగా వచ్చిన ఆయుధాలు పెద్ద సైన్యాన్ని ఆపేంతవి కావు. ఈ లెక్క సైన్యాధిపతి ఎల్ ఇద్రూస్‌కు తెలుసు. జూన్‌లో మౌంట్‌బాటెన్ దేశం వదిలి వెళ్లేలోపు ఒక ఒప్పందం ముసాయిదా చేతిదాకా వచ్చింది. అదీ ఆగిపోయింది. రోజూ గెలుస్తున్నామని చెప్పిన నాయకుడు ఉన్నట్టుండి రాజీ అంటే నిన్నటి మాట అబద్ధమైపోతుంది. అందుకే అట్లాంటి నాయకుడికి వెనక్కి తిరిగే దారి ఉండదు, వెంట నడిచేవాళ్లకూ ఉండదు.

పల్లెల్లో ఈ మాటల ఫలితం రక్తంగా మారింది. దోపిడీలు, ఇళ్లు తగలబెట్టడాలు, ఆడవాళ్ల మీద అఘాయిత్యాలు. 1948 ఆగస్టు 27న ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని బైరాన్‌పల్లి మీద రజాకార్లు, పోలీసులు కలిసి దాడి చేసి పదుల సంఖ్యలో మనుషులను చంపేశారు. ఊరి బురుజు ఇప్పటికీ ఉంది. ఆ ఊరివాళ్లకు రజ్వీ రాజకీయం గురించి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఎదురు నిలబడ్డవాళ్లు

అప్పుడు ముసల్మాన్లందరూ రజ్వీ వెంటే ఉన్నారన్నది నిజం కాదు. ఈ ముక్క రెండు వైపులవాళ్లూ మర్చిపోతారు. మఖ్దూం మొహియుద్దీన్ కమ్యూనిస్టుగా ఆ రాజ్యం మీదే పోరాడుతూ అజ్ఞాతంలో ఉన్నాడు. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు ఒక ప్రకటన మీద సంతకం చేశారు. రజాకార్ దళాన్ని రద్దు చేయాలి, భారత్‌లో చేరాలి అన్నది దాని సారం. వాళ్లలో ఫరీద్ మీర్జా తహసీల్దార్ ఉద్యోగం వదిలి వచ్చిన మనిషి. జిల్లాల్లో ఏం జరుగుతోందో కళ్లారా చూసినవాడు.

ఆ ప్రకటనకు చోటిచ్చిన ఉర్దూ పత్రిక ఇమ్రోజ్. దాని ఎడిటర్ షోయబుల్లా ఖాన్‌కు అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. అంతకుముందు పనిచేసిన పత్రికలను సర్కారు మూయించినా ఆగకుండా 1947లో ఇమ్రోజ్ మొదలుపెట్టాడు. రజాకార్లకు వ్యతిరేకంగా లేచే చేతులు ఉండవన్న అర్థం వచ్చేలా రజ్వీ ఒక సభలో హెచ్చరించాడని చెప్పుకుంటారు. ఆగస్టు 21 రాత్రి పని ముగించుకొని కాచిగూడ దగ్గర ఇంటికి వెళ్తున్న షోయబుల్లాను కాల్చారు. రాసిన చేతిని నరికేశారు. తెల్లవారకముందే ఆయన చనిపోయాడు.

ఆయన కూడా నమాజ్ చదివే ముసల్మానే, ఉర్దూలో రాసేవాడే, ఈ ఊరివాడే. ఖౌమ్‌ను కాపాడతామన్న దళం ఖౌమ్ బిడ్డనే చంపింది. నాయకుడి మీద ప్రేమను ఖౌమ్ మీద ప్రేమతో కలిపేస్తే, నాయకుడిని ప్రశ్నించినవాడు గద్దార్ అవుతాడు. ఆ తర్వాత నోరు విప్పాలంటే ఎవరికి మాత్రం ధైర్యం ఉంటుంది? చాలామంది రజ్వీ వెంట ఇష్టంతో నడిచారు. కొంతమంది, నడవకపోతే ఏమవుతుందో తెలిసి నడిచారు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా కనబడతాయి.

ఐదు రోజుల్లో

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం నాలుగు వైపుల నుంచి వచ్చింది. 17 సాయంత్రానికి అంతా అయిపోయింది. 18న ఎల్ ఇద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ముందు లొంగిపోయారు. ఏళ్ల తరబడి పోరాడతామన్న మాటలు ఐదు రోజులు కూడా నిలవలేదు. రజ్వీ అరెస్టయ్యాడు.

ఆ వెంటనే నిజాం రేడియోలో మాట్లాడి, రజ్వీ బృందం తనను నిస్సహాయుడిని చేసిందని, హిట్లర్ తరహా పద్ధతులతో రాజ్యాన్ని చేతిలోకి తీసుకుందని చెప్పుకొచ్చాడు. 1950 జనవరిలో అదే నిజాం రాజ్‌ప్రముఖ్ అయ్యాడు. లాయఖ్ అలీ గృహ నిర్బంధం నుంచి తప్పించుకొని 1950లో పాకిస్తాన్ చేరాడు. రజ్వీ మీద కేసులు నడిచాయి. బీబీనగర్ దోపిడీ కేసులో శిక్ష పడింది. దాదాపు తొమ్మిదేళ్లు జైల్లో ఉన్నాడు, ఎక్కువ కాలం పుణె దగ్గర యెరవాడలో.

1957 సెప్టెంబర్‌లో విడుదల చేశారు. పాకిస్తాన్ వెళ్లిపోవాలన్నది షరతు. వెళ్లేముందు హైదరాబాద్ వచ్చి మజ్లిస్‌లో మిగిలినవాళ్లను పిలిచాడు. ఒకప్పుడు ఆయన సైగ చేస్తే వేలమంది కదిలిన ఊరిలో, బాధ్యత తీసుకోవడానికి ముందుకు వచ్చినవాళ్లు పెద్దగా లేరని అంటారు. చివరికి అబ్దుల్ వాహెద్ ఒవైసీకి అప్పగించి వెళ్లిపోయాడు. మజ్లిస్ తర్వాత భారత రాజ్యాంగానికి లోబడి ఎన్నికల పార్టీగా కొత్త దారి పట్టింది. రజ్వీ కరాచీలో మళ్లీ వకీలుగా బతికి, 1970 జనవరి 15న చనిపోయాడు. అక్కడ ఆయన గురించి పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు.

బిల్లు ఎవరు కట్టారు?

నాయకుడి కథ అక్కడ అయిపోయింది. నడిచినవాళ్ల కథ అట్లా అయిపోలేదు. సైనిక చర్య సమయంలో, ఆ తర్వాత ముస్లింల మీద జరిగిన మారణకాండను చూసి రావడానికి కేంద్రం పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులను పంపింది. వాళ్ల నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు, 2013లో గానీ జనానికి అందుబాటులోకి రాలేదు. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారన్నది వాళ్ల అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లోనే 18 వేలకు తగ్గకుండా. ఇందులో రజాకార్లు ఎంతమంది? చాలామందికి రజాకార్ దళంతో సంబంధమే లేదు. పేరు ముస్లిం పేరు, అంతే. కొన్ని చోట్ల హిందూ నేతకారులు తమ ప్రాణాలకు తెగించి ముస్లిం నేతకారులను కాపాడారని కూడా ఆ నివేదికే చెప్పింది.

అదే నివేదికలో లాతూర్ గురించి ఉంది. రజ్వీ సొంత ఊరు. అక్కడ హత్యలు ఇరవై రోజులకు పైగా సాగాయి. సుమారు పది వేల మంది ముస్లింలు ఉన్న ఊరిలో, బృందం వెళ్లేసరికి మూడు వేల మంది కూడా సరిగ్గా మిగల్లేదు. వెయ్యి మందికి పైగా చనిపోయారు, మిగతావాళ్లు పారిపోయారు. ఆ హత్యలు చేసినవాళ్ల పాపం చేసినవాళ్లదే. దాన్ని రజ్వీ ఖాతాలో వేసి వాళ్లను వదిలేయడం న్యాయం కాదు. కానీ ప్రమాదం వస్తోందని తెలిసి, దాన్ని తప్పించే ప్రతి దారినీ మూసేసి, జనాన్ని దాని ముందు నిలబెట్టిన లెక్క మాత్రం రజ్వీ ఖాతాలోదే.

రజ్వీ వెంట నడిచినవాళ్లంతా చెడ్డవాళ్లు కాదు. వాళ్లలో నిజంగా భయపడ్డవాళ్లు ఉన్నారు. జీవితంలో మొదటిసారి తలెత్తి నడిచామనుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల భయం అబద్ధం కాదు. తర్వాత జరిగింది చూస్తే అది అబద్ధం కాదనే తేలింది. కానీ ఆ భయానికి రెండు జవాబులు వచ్చాయి. ఒకటి వేదిక మీద నుంచి, గట్టిగా, నినాదాలతో వచ్చింది. ఇంకొకటి ఏడుగురి సంతకాలతో, ఒక చిన్న ఉర్దూ పత్రికలో వచ్చింది. ఖౌమ్‌ను కాపాడే దారి రెండోదాంట్లో ఉంది. దాన్ని అచ్చు వేసిన ఎడిటర్ చనిపోయిన మూడున్నర వారాలకే ఆ మాట ఎంత నిజమో తెలిసిపోయింది. అప్పటికి ఆలస్యమైంది.

ఈసారి సెప్టెంబర్ వచ్చినప్పుడు రజ్వీ పేరు ఎట్లాగూ వినబడుతుంది. తిట్టేవాళ్లు తిడతారు, కొందరు లోలోపల మెచ్చుకుంటారు. షోయబుల్లా ఖాన్ పేరు మాత్రం గుర్తు చేస్తే తప్ప రాదు. ఆ పేరు ఇంట్లో పిల్లలకు చెప్పాల్సిన బాధ్యత అందరికంటే ముందు ఉర్దూ చదివే ఇళ్లదే.